బిగుసుకున్న కండరాలకు మందు: ఒకసారి ఇవ్వడం వేరు, ఆగకుండా ఇవ్వడం వేరు

మన సంఘం ఉచిత మందుల కౌంటర్‌లో వారానికి రెండు సాయంత్రాలు కూర్చునే ఫార్మసిస్టును నేను. కొన్నేళ్ల క్రితం రంజాన్ నెలలో ఒక తల్లి ఏడేళ్ల కొడుకును చంకనేసుకుని వచ్చింది. బాబుకు సెరిబ్రల్ పాల్సీ. రెండు కాళ్లూ కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడి బిగుసుకుని ఉన్నాయి. పిల్లల నరాల డాక్టరు రాసిన చీటీలో బాక్లోఫెన్ మాత్రలు ఉన్నాయి. ఆ నెలలో విరాళాలు బాగా అందాయి కాబట్టి రెండు నెలలకు సరిపడా మందు ఇచ్చి పంపాం. ఆమె మనసారా దువా చేసి వెళ్లింది.

రెండు నెలలు నిండాక మళ్లీ వచ్చింది. “భాయ్ సాబ్, మందు వేసినప్పటి నుంచి కాళ్లు కాస్త విడుతున్నాయి. స్నానం చేయించడం, బట్టలు మార్చడం సులువైంది. రాత్రి వాడూ పడుకుంటున్నాడు, నేనూ పడుకుంటున్నాను” అంది. కానీ ఆ రోజు మా బీరువాలో ఆ మందు లేదు. “వచ్చే వారం రా అమ్మా” అన్నాను. బయట కొనడానికి ఆమె దగ్గర డబ్బు లేదు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడో రోజు రాత్రి బాబు ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుంది, జ్వరం వచ్చింది, తరవాత ఫిట్స్ మొదలయ్యాయి. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు మొట్టమొదట అడిగిన ప్రశ్న: “ఈ మధ్య ఏదైనా మందు ఆపారా?”

అల్లాహ్ దయవల్ల బాబు కోలుకున్నాడు. మన రిజిస్టరులో మాత్రం ఆ రెండు నెలల మందు ‘సహాయం’ అనే పద్దు కిందే ఉంది. అది సహాయమే. కానీ మధ్యలో తెగిపోయిన సహాయం. ఈ మందులు ఏమిటి, ఏం చేస్తాయి, ఏం చేయలేవు, మీరిచ్చే రూపాయి వీటి మీద ఎలా ఖర్చయితే పిల్లలకు మేలు జరుగుతుంది అన్నది దాతలకు వివరంగా చెప్పాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను.

జబ్బు మెదడులో, బాధ కండరంలో

సెరిబ్రల్ పాల్సీ అంటే ఎదుగుతున్న మెదడుకు దెబ్బ తగలడం వల్ల శరీర కదలిక, నిలకడ దెబ్బతినడం. ఈ దెబ్బ బిడ్డ కడుపులో ఉండగా తగలవచ్చు, కాన్పు సమయంలో తగలవచ్చు, పుట్టిన తొలి రోజుల్లోనూ తగలవచ్చు. నెలలు నిండకుండా పుట్టడం, బరువు బాగా తక్కువగా ఉండడం, పుట్టగానే ఏడవక ప్రాణవాయువు అందకపోవడం, పసికందుకు కామెర్లు తీవ్రమై సకాలంలో వైద్యం అందకపోవడం, మెదడువాపు వంటివి ముఖ్య కారణాలు. వెయ్యి మంది పిల్లల్లో సుమారు ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి పాపమూ కాదు, ఎవరి దిష్టీ కాదు. 19వ శతాబ్దంలోనే ఇంగ్లండుకు చెందిన విలియం జాన్ లిటిల్ అనే వైద్యుడు ఈ పిల్లల కాళ్ల బిగుతుకూ కాన్పు కష్టాలకూ ఉన్న సంబంధాన్ని వివరించాడు. చాలాకాలం దీన్ని ‘లిటిల్ జబ్బు’ అనే పిలిచేవారు.

మెదడుకు తగిలిన దెబ్బ ఏటేటా పెరగదు. అయితే దాని ప్రభావం కండరాల మీదా, ఎముకల మీదా పెరుగుతూ పోతుంది. ఈ పిల్లల్లో ప్రతి పదిమందిలో సుమారు ఎనిమిది మందికి ఉండేది ‘స్పాస్టిసిటీ’, అంటే కండరాల బిగుతు. మనం ఏ కండరాన్ని సాగదీసినా అది కొంచెం ఎదురు లాగుతుంది. వెన్నుపాము నుంచి వచ్చే సహజ స్పందన అది. ఆ స్పందన హద్దు దాటకుండా మెదడు పైనుంచి “చాలు, వదులు” అని ఆజ్ఞ పంపుతుంటుంది. దెబ్బతిన్న మెదడు నుంచి ఆ ఆజ్ఞ సరిగ్గా అందదు. అందుకే కాలును ఎంత వేగంగా చాపబోతే అది అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. నెమ్మదిగా, ఓపికగా చాపితే కొంత లొంగుతుంది.

ఏళ్ల తరబడి బిగుతుగానే ఉన్న కండరం ఎముకతో సమానంగా పొడవు పెరగదు. పిల్లవాడు మునివేళ్ల మీద నడుస్తాడు, మోకాళ్లు వంగిపోతాయి, తుంటి కీలు మెల్లగా పక్కకు జరుగుతుంది. ఈ పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి తుంటి కీలు జరుగుతుంది. నడవలేని పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. కండరం ఒకసారి శాశ్వతంగా కురచబారిపోతే ఏ మాత్రా దాన్ని పొడవు చేయలేదు. అందుకే మందుకు, వ్యాయామానికి తగిన సమయం చిన్నతనమే.

ఏ మందు ఏం చేస్తుంది

ముందే ఒక మాట. కింద చెప్పేవి తెలుసుకోవడానికే తప్ప వాడడానికి కాదు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది వయసును, బరువును, బిగుతు రకాన్ని చూసి డాక్టరే తేల్చాలి.

బాక్లోఫెన్: 1962లో స్విట్జర్లాండ్‌కు చెందిన సీబా కంపెనీ దీన్ని మూర్ఛకు మందుగా తయారుచేసింది. మూర్ఛకు అది పెద్దగా పనిచేయలేదు గానీ, కండరాల బిగుతును తగ్గిస్తుందని తేలింది. అప్పటి నుంచి ఆ పనికే వాడుతున్నారు. మెదడు నుంచి రావలసిన “చాలు, వదులు” అనే ఆజ్ఞను వెన్నుపాము దగ్గర కొంతవరకు ఈ మందు భర్తీ చేస్తుంది. దీని ప్రభావం ఒంట్లో కొన్ని గంటలే ఉంటుంది కాబట్టి సాధారణంగా రోజుకు మూడుసార్లు వేయాలి. చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచుతారు. మగత, నీరసం, మెడ నిలపలేకపోవడం, మలబద్ధకం దీని ఇబ్బందులు. ఇది ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటకు పోతుంది కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవారి విషయంలో డాక్టర్లు చాలా జాగ్రత్త పడతారు.

డయాజిపామ్: ఇది మన పెద్దలకు నిద్రమాత్రగా తెలిసిన మందే. బిగుతుతో పాటు భయం, ఉలికిపాటు, నిద్రలేమి ఉన్న పిల్లలకు కొద్దికాలం పాటు డాక్టర్లు రాస్తారు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, రాత్రి పడుకునే ముందు ఇచ్చిన చిన్న మోతాదు పిల్లల బిగుతును తగ్గించి, వారి కదలికను, ఉల్లాసాన్ని మెరుగుపరచిందని చూపారు. ఇది చవకైన మందు కావడం పేద కుటుంబాలకు ఊరట. కానీ ఎక్కువ కాలం వాడితే శరీరం దానికి అలవాటుపడుతుంది. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని చట్టం ఉంది, మేమూ ఇవ్వము.

టిజానిడిన్: కొంత పెద్ద పిల్లలకు, పెద్దలకు ఇస్తారు. రక్తపోటు పడిపోవడం, నోరు ఎండడం, మగత ఉంటాయి. కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. విరేచనాలకో, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కో మనవాళ్లు తరచుగా తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్‌తో కలిపి దీన్ని అస్సలు వాడకూడదు. ఆ రెండూ కలిస్తే టిజానిడిన్ ప్రభావం రక్తంలో ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ట్రైహెక్సీఫెనిడిల్: కొందరు పిల్లలకు ఉండేది ఒకే తీరు బిగుతు కాదు. చేతులు, మెడ వాటంతట అవే మెలి తిరుగుతుంటాయి. పసితనంలో కామెర్లు ముదిరిన పిల్లల్లో ఈ రకం ఎక్కువ. అలాంటివారికి ఈ మందు రాస్తారు. బిగుతు రకం వేరైతే మందు కూడా వేరు. “పక్కింటి పిల్లాడికి పనిచేసింది కదా” అని అదే మందు అడగకూడదని తల్లులకు మేము చెప్పేది అందుకే.

బోట్యులినం టాక్సిన్ ఇంజెక్షన్: జనానికి ‘బోటాక్స్’ పేరుతో తెలుసు. బిగిసిన ఆ ఒక్క కండరంలోకే సూదితో ఎక్కిస్తారు. నరం నుంచి కండరానికి అందే సంకేతాన్ని అది అడ్డుకుంటుంది. కొద్ది రోజుల్లో పని మొదలై సుమారు మూడు నాలుగు నెలలు ఉంటుంది. ఖర్చు వేలల్లో ఉంటుంది. ఆ మూడు నెలలు వ్యాయామం, స్ప్లింట్లు సక్రమంగా సాగితేనే ఆ ఖర్చుకు ఫలితం. లేకపోతే మందు ప్రభావం తగ్గగానే కాలు మళ్లీ మొదటికే వస్తుంది.

బాక్లోఫెన్ పంపు: పొట్ట చర్మం కింద చిన్న పంపు అమర్చి, సన్నని గొట్టం ద్వారా వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకే మందు పంపుతారు. తీవ్రమైన బిగుతు ఉన్న కొద్దిమందికే దీన్ని సూచిస్తారు. లక్షల్లో ఖర్చు, క్రమం తప్పకుండా మళ్లీ మందు నింపించుకోవాలి, కొన్నేళ్లకు పంపు మార్చాలి. పెద్ద నగరానికి దూరంగా ఉన్న కుటుంబానికి ఇది తేలిక కాదు.

వీటిలో ఏది ఎంత నమ్మదగినది? అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2010లో అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించింది. ఒకటి రెండు చోట్ల బిగుతుకు బోట్యులినం టాక్సిన్ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం ఉందని, డయాజిపామ్ కొద్దికాలానికి మేలు చేసే అవకాశం ఉందని చెప్పింది. నోటి ద్వారా ఇచ్చే బాక్లోఫెన్ విషయంలో మాత్రం పిల్లల మీద జరిగిన పరిశోధనలు చాలవంది. చాలవంటే పనిచేయదని అర్థం కాదు. ప్రతి బిడ్డకూ విడిగా చూసుకోవాలి, ఫలితం కనిపిస్తేనే కొనసాగించాలి అని అర్థం.

మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది

మాత్ర వేయగానే పిల్లవాడు లేచి నడుస్తాడని ఎవరైనా దాతకు చెప్పి ఉంటే అది నిజం కాదు. ఈ మందులు మెదడును బాగుచేయవు. బిగుతును తగ్గించి ఇతర పనులకు వీలు కల్పిస్తాయి, అంతే. అందుకే మంచి డాక్టరు మందు రాసేముందే తల్లిని అడుగుతాడు: “ఏ పని సులువైతే మీకు చాలు?” కాళ్లు విడదీసి శుభ్రం చేయడమా, కుర్చీలో గంటసేపు కూర్చోబెట్టడమా, రాత్రి నొప్పితో ఏడవకుండా పడుకోవడమా, కాలిపర్లు తొడగడమా? ఆ లక్ష్యం కాగితం మీద రాసుకుని, నెల తరవాత దాన్ని బట్టే మందు కొనసాగించాలో వద్దో తేలుస్తారు.

మరో విషయం చాలామందికి తెలియదు. కొందరు పిల్లలు కాళ్లలోని ఆ బిగుతు ఆధారంగానే నిలబడతారు. మందు ఎక్కువై బిగుతంతా పోతే, నిన్నటిదాకా గోడ పట్టుకుని నిలబడిన బిడ్డ ఈరోజు కూలబడిపోతాడు. బిగుతును సున్నా చేయడం వైద్యం కాదు, పనికి అడ్డు వచ్చేంత మేరకే తగ్గించాలి.

ఒక్కోసారి బిగుతు హఠాత్తుగా పెరుగుతుంది. వెంటనే మోతాదు పెంచమని తల్లులు అడుగుతారు. అసలు కారణం నాలుగు రోజుల మలబద్ధకం కావచ్చు, పుచ్చిన పన్ను కావచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒరుసుకుంటున్న స్ప్లింటు, తుంటి కీలు నొప్పి కావచ్చు. మాట రాని బిడ్డ తన నొప్పిని బిగుతుతోనే చెబుతాడు. ఆ కారణం సరిచేస్తే చాలాసార్లు మందు పెంచనక్కర ఉండదు.

మందుల షాపు దగ్గర జరిగే పొరపాటు

‘కండరాలు సడలించే మందు’ అని అడిగితే కొన్ని షాపుల్లో నడుం నొప్పికి వాడే మాత్రలు చేతిలో పెడతారు. థయోకాల్చికోసైడ్, క్లోర్‌జోక్సాజోన్ వంటివి నొప్పి మాత్రలతో కలిపి వస్తాయి. అవి పట్టేసిన నడుముకు, మెడకు కొద్దిరోజులు వాడేవి. సెరిబ్రల్ పాల్సీ బిగుతుకు అవి మందు కావు. పైగా థయోకాల్చికోసైడ్ ఫిట్స్ తెప్పించగలదు. ఈ పిల్లల్లో ఎంతోమందికి ముందే మూర్ఛ ఉంటుంది. అందుకే పేరు కచ్చితంగా చీటీలో ఉన్నదే కావాలి.

బాక్లోఫెన్ 10 మి.గ్రా., 25 మి.గ్రా. మాత్రలుగా దొరుకుతుంది. షీటు మారితే మోతాదు రెండున్నర రెట్లు అవుతుంది. ఇంట్లో మిగిలిపోయిన మాత్రలను సదుద్దేశంతో మన కౌంటర్‌కు తెచ్చిచ్చే దాతలు ఉన్నారు. సగం కత్తిరించిన షీటు మీద తేదీ ఉండదు, బలం ఉండదు. వాటిని మేము తీసుకోలేము. దయచేసి నొచ్చుకోకండి.

ఆపకూడని మందు

ఇక అసలు సంగతికి వస్తాను. బాక్లోఫెన్‌ను కొంతకాలం వాడిన తరవాత శరీరం దాని మీద ఆధారపడుతుంది. హఠాత్తుగా ఆపితే అదుపులో ఉన్న బిగుతు రెట్టింపుగా తిరగబడుతుంది. ఒళ్లు దురద, జ్వరం, అయోమయం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావచ్చు. ప్రాణాల మీదకు రావడమూ జరుగుతుంది. మందు మానేయాల్సి వచ్చినా డాక్టరు చెప్పినట్టు కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగానే తగ్గించాలి. ఎక్కువకాలం వాడిన డయాజిపామ్‌కూ ఇదే వర్తిస్తుంది. వాంతులు అవుతూ మాత్ర నిలవకపోయినా, ఆపరేషన్ కోసం ఏమీ తినకూడదన్నా, ఆ సంగతి అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు పెద్దవారూ అవుతారు. వారిలో కొందరు రంజాన్‌లో రోజా ఉండాలని కోరుకుంటారు. సహ్రీ నుంచి ఇఫ్తార్ వరకు మన ప్రాంతంలో పదమూడు, పద్నాలుగు గంటలు అవుతుంది. రోజుకు మూడుసార్లు వేసే మందులో మధ్యాహ్నపు మాత్ర ఎవరికీ చెప్పకుండా మానేయడం ప్రమాదం. రోగులకు ఉపవాసంలో సడలింపు ఉందన్న సంగతి మనందరికీ తెలిసిందే. రంజాన్‌కు ఒక నెల ముందే డాక్టరుతోనూ, తరవాత తమ మౌలానాతోనూ మాట్లాడి నిర్ణయించుకోమని వారికి చెప్పండి.

దాతలకు నా విన్నపం

మన విరాళాల్లో పెద్ద భాగం ఒక్క నెలలోనే అందుతుంది. మందు మాత్రం పన్నెండు నెలలూ కావాలి. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే ఆ బాబు పడ్డాడు. కాబట్టి,

1. యాభై మంది పిల్లలకు ఒక్కో నెల మందు ఇవ్వడం కంటే, నలుగురికి ఏడాది పొడవునా ఇవ్వడం మేలు. సంఖ్య చిన్నదిగా కనిపిస్తుంది, నివేదికలో మెరవదు. అయినా ఇదే సురక్షితం. ‘ఒక బిడ్డకు ఒక ఏడాది’ అన్న లెక్కలో ఇవ్వండి. బాక్లోఫెన్ మాత్రలకు సాధారణంగా నెలకు కొన్ని వందల రూపాయలే అవుతాయి.

2. ఒక బిడ్డకు మందు మొదలుపెట్టేటప్పుడే, ఏ కారణంచేతనైనా మనం ఆపవలసి వస్తే మెల్లగా తగ్గించడానికి సరిపడా మందు విడిగా పక్కన పెట్టాలి. దీనికోసం చిన్న నిల్వ నిధి కావాలి.

3. ప్రతి ఇంట్లో మందు ఏ తేదీకి అయిపోతుందో రాసి, పది రోజుల ముందే ఫోన్ చేయడానికి ఒక కార్యకర్త కావాలి. ఇది డబ్బు కంటే సమయం ఇవ్వగలిగినవారి పని. మన యువకులు ముందుకు రావాలి.

4. ఫిజియోథెరపీకి వెళ్లే ఆటో ఖర్చు కూడా మందు ఖర్చులో భాగమే. రోజు కూలీ మానుకుని బిడ్డను ఎత్తుకెళ్లలేకే ఎందరో తల్లులు వ్యాయామం మానేస్తున్నారు. సాగదీయని కండరానికి మాత్ర ఒక్కటే చాలదు. స్ప్లింట్లు, సరైన కుర్చీ కూడా ఇదే కోవలోవి.

5. ప్రభుత్వం ఇచ్చేది ముందు ఇప్పించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఉంది. సదరం ధ్రువపత్రం ఉంటే పింఛనుకు దారి తెరుచుకుంటుంది. నేషనల్ ట్రస్టు నడిపే ‘నిరామయ’ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంది, అది మందులకు, థెరపీకి కూడా వర్తిస్తుంది. జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్స కేంద్రాల్లో చిన్నపిల్లలకు పరీక్షలు, థెరపీ ఉచితం. ఈ దరఖాస్తులు నింపడం, తిరగడం ఆ తల్లుల వల్ల కాదు. చదువుకున్నవారు ఒక్కో కుటుంబానికి ఒక్కో పూట కేటాయిస్తే చాలు.

ఆ బాబు ఇప్పటికీ మా కౌంటర్‌కు వస్తున్నాడు. నడవడు, నడుస్తాడని ఎవరూ మాట ఇవ్వలేదు. బెల్టు కట్టిన కుర్చీలో కూర్చుని అక్క చదువుతుంటే వింటాడు. కాళ్ల మధ్య పుండ్లు మానిపోయాయి, తల్లి రాత్రి నిద్రపోతోంది. అతని పేరు ఎదురుగా మా రిజిస్టరులో మందు అయిపోయే తేదీ ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. అలాంటి ఎర్ర తేదీలు ఇంకా ఎన్ని రాయగలమన్నది మీ చేతుల్లో ఉంది. ఒక కొత్త పేరు రాసేముందు, ఆ బిడ్డకు వచ్చే రంజాన్ దాకా మందు ఉందా అని మాత్రం మేము తప్పకుండా చూసుకుంటాం.